కామేశ్వరమ్మ పిల్లలు

వీర్రాజు ఉప్పలగుప్తం నుంచి సైకిలు మీద వచ్చేసరికి గంగాభవాని అమలాపురంలో తన ఇంటి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. వీర్రాజు ఆమె బాబాయి సత్యనారాయణమూర్తి గారి కొబ్బరితోటలో చెట్లెక్కి కాయ దింపు తీసే మనిషి. ఎప్పుడొచ్చినా ముందు మంచినీళ్ళు అడిగి, అరుగు మీద చతికిలబడి, చెమట తుడుచుకున్నాకే మాట మొదలెట్టేవాడు. ఆ రోజు సైకిలుకి స్టాండైనా వెయ్యలేదు.

"అమ్మగారండీ, చినబాబుగారు తోటలో చెట్లు కొట్టించేత్తన్నారండి. కాపు మీదున్న చెట్లండి."

"ఎవరూ, రమణా?"

"ఆయ్. కాలేజీ కడతారంటండి. గొడ్డలి నన్నే పట్టమన్నారు. నా చేత్తో నేను కొట్టలేనండి బాబూ అంటే అంబాజీపేట నించి మనుషుల్ని తెచ్చుకున్నారు. పెద్దయ్యగారు వెళ్ళి అడ్డం నిలబడ్డారండి. ఆయన్ని అమాంతం ఎత్తుకెళ్ళి గట్టు మీద కూచోబెట్టి, కాళ్ళకి దణ్ణం పెట్టి, మళ్ళీ కొట్టించేత్తన్నారు. కోపం లేదండి. ఒకటే నవ్వు."

గంగాభవాని అప్పటికే పిండి ఆరేసిన చీరని తీగ మీంచి లాగి మళ్ళీ పిండడం మొదలెట్టింది. పిండుతూనే అడిగింది. "నిద్రపోతున్నాడా?"

"నిద్దరెక్కడదండి! తెల్లారగట్ట నేను తోటకెళ్ళేసరికే అక్కడుంటన్నారు."

అది డెబ్బై తొమ్మిది వేసవి. రమణకి ఇరవై నాలుగేళ్ళు. పూర్తి పేరు వెంకటరమణ. గంగాభవానికి సొంత తమ్ముడే గానీ, మూడేళ్ళ వయసులో సత్యనారాయణమూర్తి గారికి దత్తత వెళ్ళేడు. ఆయన గంగాభవాని తండ్రికి దూరపు జ్ఞాతి. పిల్లల్లేరు. రమణ వాళ్ళింట్లోనే పెరిగి, చదువుకుని, ఆ ఊరి బళ్ళోనే తెలుగు మాస్టారయ్యేడు. నెమ్మదైన మనిషి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తనే పక్కకి తప్పుకునే రకం.

అలాంటివాడు తండ్రిని ఎత్తుకెళ్ళి గట్టు మీద కూచోబెట్టేడంటే ఎవరైనా ఆశ్చర్యపోతారు. గంగాభవానికి ఆశ్చర్యం కలగలేదు. ఎన్నో ఏళ్ళుగా ఎవరో తలుపు తడతారని వింటూ కూర్చున్న మనిషికి ఆ తట్టుడు వినబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. తట్టింది మాత్రం పక్కింటి తలుపు.

వాళ్ళమ్మ కామేశ్వరమ్మ. కొత్తపేట దగ్గర ఒక అగ్రహారంలో వేదం చెప్పే శరభయ్యగారి భార్య. ఏడాదిలో చాలా రోజులు అందరిలాంటి ఇల్లాలే. మడి కట్టుకుని వండేది, శిష్యులకి వడ్డించేది, కూతురికి జడ వేసేది. ఉన్నట్టుండి ఒక రుతువులో ఆవిడకి నిద్ర అక్కర్లేకుండా పోయేది. కోడి కుయ్యకముందే లేచి తన గుమ్మం నుంచి వీధి చివరిదాకా ముగ్గులు పెట్టేసేది. ఊరందరికీ సరిపడా పులిహోర కలిపి దారిన పోయేవాళ్ళని పిలిచేది. పెళ్ళినాటి పట్టుచీరలు ఊడ్పులకొచ్చిన కూలివాళ్ళకి పంచిపెట్టేది. ఇరవయ్యేళ్ళుగా చెవినపడి నోటికొచ్చేసిన అనువాకాలు వీధిలో నిలబడి గొంతెత్తి చదివేది. శిష్యుల స్వరం తప్పితే దిద్దేది. అగ్రహారం ఆడవాళ్ళు చెవులు మూసుకునేవారు. అనరానివి నోటితో అంది గనకే ఆవిడకి మతి చెడిందని ఊరి తీర్పు. ఆ తరవాత నెలల తరబడి అదే మనిషి మూలగదిలో గోడవైపు తిరిగి పడుకునేది. జుట్టు అట్టలు కట్టేది. గంగాభవాని గ్లాసుతో మజ్జిగ తీసుకెళ్ళి తల ఎత్తి పట్టుకుంటే, "నువ్వెందుకు పుట్టేవే నా కడుపున" అని నీరసంగా అనేది.

అది తల్లి చేతినుంచి పిల్లలకి అంటుకుంటుందని నాయనమ్మ నమ్మకం. "ఆడపిల్ల ఎలాగూ పోయే పిల్ల. వాడొక్కణ్ణీ దాటించండిరా" అని కొడుకుని పోరింది. కోడలు నీరసం మనిషనీ, ఇద్దర్ని సాకలేదనీ ఉప్పలగుప్తం కబురంపేరు. దత్తహోమం జరిగిన రోజున కామేశ్వరమ్మ మూలగదిలోనే ఉంది. గంగాభవానికి ఎనిమిదేళ్ళు. తమ్ముడు బండెక్కుతూ తనకేసి చెయ్యూపితే, తను అమ్మ చేత్తో తిని, అమ్మ పక్కలో పడుకున్న పిల్ల కాబట్టి దగ్గరికెళ్ళొద్దన్నారు.

కామేశ్వరమ్మ అలాంటి ఒక చీకటి రోజుల్లోనే తిండి మాని, జ్వరం తగిలి పోయింది.

అప్పట్నుంచీ గంగాభవాని తనకి తనే కాపలా. రెండు పాటలు వరసగా పాడబుద్ధయితే రెండోది మింగేసేది. తెల్లవారకముందు మెలకువ వస్తే ఇంట్లో అందరూ లేచేదాకా కళ్ళు మూసుకుని పడుకునేది. మరీ సంతోషంగా ఉన్నా భయమే, ఊరికే దిగులేసినా భయమే. పేర్రాజు మాస్టార్ని పెళ్ళి చేసుకుని అమలాపురం వచ్చినా ఆ భయం వదల్లేదు. కూతురు పార్వతి పుట్టేక రెట్టింపయింది. పేర్రాజుకి తన అత్తగారు జ్వరంతో పోయిందని మాత్రమే తెలుసు.

వీర్రాజు చెప్పిన మధ్యాహ్నమే ఆమె బస్సెక్కి ఉప్పలగుప్తం వెళ్ళింది. తోట గుమ్మంలోనే పడిపోయిన చెట్లు, వాటి కింద నలిగిన పిందెలు. రమణ అరిచేతుల నిండా బొబ్బలు, గొంతు బొంగురు. అక్కని చూడగానే పరుగెత్తుకొచ్చేడు.

"అక్కా! ఇదిగో, నువ్వు నిలబడ్డావే, అది గ్రంథాలయం. అటు ఆడపిల్లల హాస్టలు. ఆడపిల్లలకి వేదం చెప్తాను, ఎవడాపుతాడో చూస్తాను. నీకు తెలుసా, నాకన్నీ ఒక్కసారే అర్థమైపోతున్నాయి, ఒకదాన్లోంచి ఒకటి, ఒకదాన్లోంచి ఒకటి..." అంటూ తల వెనక్కి వాల్చి నవ్వేడు.

ఆ నవ్వు వాడు చూసి నేర్చుకున్నది కాదు. మూడేళ్ళప్పుడు వెళ్ళిపోయినవాడికి ఏం గుర్తుంటుంది? కానీ నవ్వు చివర్న ఊపిరి ఎగబీల్చడం, కుడిచెయ్యి గాల్లో ఏదో అందుకుంటున్నట్టు తిప్పడం అచ్చం అమ్మే. గంగాభవాని తోటంతా అటూ ఇటూ తిరిగింది, ఆమె వెంట వాడూ వాడి మాటలూ.

ఇంట్లో పిన్ని అచ్చయమ్మగారు వేపమండలు కట్టి, ఎవరో చిల్లంగి పెట్టేరని ఏడుస్తోంది. ముమ్మిడివరం వైపునుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించేరు కూడాను. "వాడు పచ్చి తాటిమట్టతో కొడతాడంటమ్మా. కొడితే దిగుతుందట. కొట్టించమంటావా, నువ్వు చెప్పు" అంది.

"కొట్టించకండి పిన్నిగారూ. నాకు రెండ్రోజులు టైమివ్వండి" అని మాత్రం అనగలిగింది.

ఆ రెండ్రోజుల్లో ఆమె ఒకచోట కూర్చోలేదు. మర్నాడు కొత్తపేట వెళ్ళింది. శరభయ్యగారు ముసలివాడైపోయి, చూపు మందగించి, అరుగు మీద జంధ్యం వడుకుతున్నాడు. విషయమంతా చెప్పింది. ఆయన చేతిలో తకిలీ ఆగిపోయింది.

"ఎవరికీ చెప్పకు" అన్నాడు.

"చెప్పకపోతే వాణ్ణి తాటిమట్టలతో కొడతారు నాన్నా."

"చెప్తే సత్యనారాయణమూర్తి నా మొహం చూడడు. అది పోనీ. నీకూ ఆడపిల్ల ఉంది. రేపు దాని పెళ్ళికి వెళ్ళిన చోటల్లా ఈ మాట ముందు వెళ్తుంది. ఆలోచించుకో." తకిలీ పక్కన పెట్టి, "మీ అమ్మ మేనమామకీ ఉందట. గోదాట్లో దూకేడట. నా పెళ్ళయిన నాలుగేళ్ళకి తెలిసింది నాకు. నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చోడానికి చోటున్నా నిలబడే ఉంది. తనకి రావలసింది తమ్ముడికి పోయిందా అనే పిచ్చి ఆలోచన ఒకటి తిరుగుతోంది. అమ్మ ఎంగిలి తిన్నది తను. అమ్మ చీర కొంగు పట్టుకుని వీధులు తిరిగింది తను. వాడికి మూడేళ్ళకే ఆ చెయ్యి తప్పిపోయింది. నాయనమ్మ దాటించిందనుకున్నవాణ్ణే అది వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకుంది. అంటే చేతినుంచీ చూపునుంచీ వచ్చేది కాదన్నమాట. పుట్టుకలోనే ఉందన్నమాట. అలాగైతే తనలో మాత్రం లేదని ఏమిటి నమ్మకం? పార్వతిలో?

కాకినాడలో పిచ్చికి మందిచ్చే డాక్టరున్నాడని పేర్రాజు స్కూల్లో ఎవరినో అడిగి కనుక్కున్నాడు. రమణని కదిలించడమే కష్టమయ్యింది. చివరికి గంగాభవానే అబద్ధమాడింది. "కాలేజీలకి అనుమతిచ్చే పెద్దాయన కాకినాడలో ఉన్నారట రమణా, పద" అంది. వాడు పంచె మార్చుకోకుండానే బయల్దేరేడు.

యెదుర్లంక రేవులో పంటు ఎక్కేరు. బాబాయి, పిన్ని, పేర్రాజు, తను, మధ్యలో వాడు. పంటు గోదాట్లోకి వచ్చేసరికి రమణ బల్ల మీదకెక్కి జనానికి ఉపన్యాసం మొదలెట్టేడు. యానాం సంతకి పోయే చేపల ఆడవాళ్ళు మొదట నవ్వేరు, తరవాత చప్పట్లు కొట్టేరు. వాచీ తీసి పంటు నడిపే సరంగు చేతికిచ్చేడు. భుజం మీద కండువా ఒక ముసలమ్మ తలకి చుట్టేడు. అచ్చయమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని నీళ్ళకేసి తిరిగిపోయింది. అంచుకి వెళ్ళబోతుంటే గంగాభవాని వాడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వాడు వంగి ఆమె మొహంలోకి చూసి, "అక్కా, నువ్వెప్పుడూ ఏదో దొంగిలించినదానిలా ఎందుకుంటావు?" అన్నాడు.

డాక్టర్ జీవరత్నంగారిది రాజోలు వైపే. మాటలోనే తెలుస్తుంది. రమణ చెప్పిందంతా తొందరపెట్టకుండా విన్నాడు. వాణ్ణి పక్కగదిలోకి పంపించి, తల్లిదండ్రుల్ని కూర్చోమన్నాడు.

"మీ కుటుంబంలో ఇలాంటిది ఇంకెవరికైనా ఉండేదా అండీ? తాతలు, మేనమామలు, ఎవరికైనా?"

"మా వంశంలో ఎవరికీ లేదండి. ఏడు తరాలు చెప్పగలను" అన్నాడు సత్యనారాయణమూర్తిగారు.

డాక్టరు రాసుకోబోయేడు. గంగాభవాని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చెప్పాలని నిలబడిందో, పారిపోవాలని నిలబడిందో ఆమెకే తెలీదు.

"ఉందండి" అంది. "మా అమ్మకి ఉంది. వాడు దత్తుడండి. వాణ్ణి కన్నావిడ మా అమ్మ. అమ్మ మేనమామకీ ఉందట."

పేర్రాజు భార్యకేసి చూసేడు. ఆమె డాక్టర్నే చూస్తూ ముగ్గుల గురించీ, పంచిపెట్టిన చీరల గురించీ, వీధిలో చదివిన వేదం గురించీ, మూలగది గురించీ గబగబా, ఆపితే మళ్ళీ నోరు రాదన్నట్టు చెప్పేసింది. నెలల తరబడి పడుకోవడం అనగానే డాక్టరు కలం ఆపి, "ఒకటి పోయేక ఒకటా? మధ్యలో మామూలుగా ఉండేవారా?" అని అడిగేడు.

"ఆయ్. మామూలుగా. చాలా బాగా ఉండేదండి."

"మంచిపని చేసేరమ్మా. ఇది తెలీకపోతే నేను వేరే జబ్బనుకుని వేరే మందిచ్చేవాణ్ణేమో. దీన్ని మేనిక్ డిప్రెషన్ అంటారు. చిల్లంగి కాదు, వేదం చదివినందుకు వచ్చిందీ కాదు. లిథియం అని మందుంది. అప్పుడప్పుడు రక్తం పరీక్ష చేయించుకుంటూ వాడాలి."

"వంశంలో ఉంటే అందరికీ వస్తుందాండీ?" ఆమె గుమ్మం వదిలి లోపలికొచ్చింది.

"కుటుంబాల్లో నడుస్తుందమ్మా, అది నిజం. కానీ నడిచిన ప్రతి ఇంటా దిగదు. తల్లికో తండ్రికో ఉంటే పదిమంది పిల్లల్లో ఒకరికి రావచ్చు, తక్కినవాళ్ళకి రాకపోవచ్చు. ఎవరికి వస్తుందో చెప్పే పరీక్ష మాత్రం మా దగ్గర లేదు."

"నా కూతురికో?"

"మీకు లేదు కాబట్టి ఆ అమ్మాయికి ఇంకా తక్కువ. అస్సలు రాదని మాత్రం నేననను."

ఆమెకి కావలసింది అవునో కాదో. ఆయన ఇచ్చింది ఆ రెండింటి మధ్యన ఖాళీ.

రమణని ఆస్పత్రిలో ఉంచి, పేర్రాజుని తోడు పెట్టి, మిగతా ముగ్గురూ తిరిగొచ్చేరు. పంటు మీద సత్యనారాయణమూర్తిగారు దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. అచ్చయమ్మగారే ముందు కదిపింది.

"ముందే ఎందుకు చెప్పలేదే మీవాళ్ళు?"

"చెప్తే తీసుకునేవారు కాదు కదండీ పిన్నిగారూ."

అచ్చయమ్మగారు ఆలోచించింది. "తీసుకునేవాళ్ళం కాదు" అంది. తరవాత, "అప్పుడు వాడు నాకు ఉండేవాడు కాదు" అంది. అంత ఏడుపులోనూ ఆ మాట ఆవిణ్ణి కొంచెం నిలబెట్టినట్టుంది. ముక్కు చీది, భర్త దగ్గరికెళ్ళి, గొడుగు విప్పి పట్టింది.

సత్యనారాయణమూర్తిగారు మాత్రం శరభయ్యగారి గుమ్మం మళ్ళీ తొక్కలేదు. ఆయన పోయినప్పుడు కూడా వెళ్ళలేదు.

కాకినాడనుంచి వచ్చేక పేర్రాజు మూడురోజులు భార్యతో పెద్దగా మాట్లాడలేదు. నాలుగోరోజు అన్నం తింటూ, "నాకైనా చెప్పవలసింది" అన్నాడు. ఆ తరవాత ఆయనకీ ఒక అలవాటొచ్చింది. పార్వతి కిలకిలా నవ్వితే పేపరు దించి చూసేవాడు. ఒక్కరి కాపలా ఇద్దరిదయ్యింది.

రమణ మెల్లగా దిగొచ్చేడు. మందు మొదట్లో చేతులు వణికించేది, బోర్డు మీద అక్షరం వంకర పోయేది. పిల్లలు నవ్వుతున్నారని ఎనభై రెండులో మానేసేడు. ఈసారి నవ్వు రాలేదు. రెండో వైపు వచ్చింది. గోడకి తిరిగి పడుకున్న తమ్ముడి దగ్గర గంగాభవాని మజ్జిగ గ్లాసుతో కూర్చుంది. వాడి తల ఎత్తి పట్టుకున్నప్పుడు తన వయసెంతో ఆమెకి కాసేపు గుర్తు రాలేదు. అయితే ఈసారి జీవరత్నంగారున్నారు. వర్షాకాలం వెళ్ళేలోగా వాడు లేచి స్నానం చేసేడు. మందు మళ్ళీ మానలేదు.

పెళ్ళి సంబంధాలొస్తే తనే ముందు చెప్పేసేవాడు. ఇద్దరు లేచి వెళ్ళిపోయేరు. మలికిపురంలో పంతులమ్మగా చేస్తున్న సరోజిని వాళ్ళింట్లో, లోపల్నుంచి ఆ అమ్మాయే బయటికొచ్చి, "మందు వేసుకుంటున్నారా?" అని అడిగింది. "వేసుకుంటున్నానండి" అన్నాడు. "అయితే మా నాన్నగారి చక్కెర జబ్బూ చెప్తాను, వినండి" అంది. ఎనభై నాలుగులో చేసుకున్నారు.

పార్వతి ఇంటర్ రెండో ఏడాదికొచ్చింది. పరీక్షల ముందు తెల్లవారుఝామునే లేచి చదువుకునేది. గంగాభవాని మంచినీళ్ళనో, దోమలనో ఏదో వంక పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళేది, దుప్పటి సర్దేది, వచ్చేది, మళ్ళీ వెళ్ళేది. ఒకరోజు పార్వతి పుస్తకం విసిరికొట్టింది.

"ఏం చూస్తావమ్మా నువ్వు? నేను నవ్వితే చూస్తావు, నవ్వకపోతే చూస్తావు. లేస్తే చూస్తావు, పడుకుంటే చూస్తావు. నేనేం చేసేనని?"

గంగాభవాని మంచం పట్టె మీద కూర్చుంది. కూర్చున్న మనిషి లేచి వెళ్ళిపోబోయింది. మళ్ళీ కూర్చుంది. అమ్మమ్మ ఎలా బతికిందో, ఎలా పోయిందో చెప్పింది. మామయ్య వేసుకునే మందు దేనికో చెప్పింది. చెబుతూ కూతురి మొహమే చూస్తున్నానని గమనించి, తల తిప్పుకుని కిటికీకి చెప్పింది.

"అయితే నాకూ వస్తుందా?"

"తెలీదమ్మా. డాక్టరు రాకపోవచ్చన్నాడు. రాదని అనలేదు. నాకు నలభై దగ్గర పడుతున్నా ప్రతి పొద్దున్నా నన్ను నేను చూసుకుంటూనే ఉన్నాను. నిన్నూ అలాగే చూసేను. ఇంకోలా ఎలా ఉండాలో నాకు రాదు."

పార్వతి లేచి, విసిరిన పుస్తకం తెచ్చుకుని మళ్ళీ తెరిచింది. పరీక్షలయ్యేక రమణ వచ్చినప్పుడు, వసారాలో అతని ఎదురుగా పీట వేసుకుని కూర్చుని సూటిగా అడిగేసింది. గంగాభవాని వంటింట్లో బెండకాయలు తరుగుతోంది. కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"వస్తుందో రాదో నాకేం తెలుసే?" అన్నాడు రమణ. "వస్తే ఎలా ఉంటుందో మాత్రం చెప్పగలను."

"ఎలా ఉంటుంది?"

"మొదట్లో బ్రహ్మాండంగా ఉంటుంది. లోకమంతా నీ చుట్టమే అనిపిస్తుంది. దాంతోనే చిక్కు. బాగుందంటే ఎవరు వద్దంటారు? పరీక్షకని నిద్ర మానుకుంటే మర్నాడు కళ్ళు మండుతాయి కదా, అది మామూలే. రెండ్రోజులు నిద్రలేకపోయినా అలుపు రాకపోతే, కొబ్బరిచెట్లు అడ్డంగా కనబడితే, అప్పుడు నాకు చెప్పు. అమ్మకి కాదు. నాకు. నేను తీసుకెళ్తాను."

"రాకపోతే?"

"రాకపోతే మీ అమ్మలా బెండకాయలు తరుక్కుంటూ మనమేం మాట్లాడుకుంటున్నామో వింటావు."

పార్వతి పకపకా నవ్వింది. ఆ నవ్వు చాలాసేపు సాగింది. గంగాభవాని లేచి వంటింటి గుమ్మందాకా వచ్చింది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. వసారాలోంచి మామా మేనకోడలూ ఇంకేదో గుసగుసలాడుకుని ఇద్దరూ నవ్వేరు. ఆమె గుమ్మానికి ఇవతలే నిలబడి, తలుపు గొళ్ళెం తీస్తూ, వేస్తూ, "అన్నం చల్లారిపోతోంది, లేవండి" అని కేకేసింది. వాళ్ళు లేవలేదు. ఆమె వెళ్ళి కూర మళ్ళీ వెచ్చబెట్టింది.